ఓర్చుకోమనడం న్యాయమేనా?

మన ఆడవాళ్లను ఎవరు మెచ్చుకున్నా ఒక మాట తప్పకుండా అంటారు: "మహా ఓర్పుగల మనిషి." పోడులో పని చేసినా, కట్టెలమోపు మోసినా, పురిటి నొప్పులు పడినా అదే మాట. ఓర్పు మంచి గుణమే. కానీ ఒక మనిషికి బాధ ఉందని తెలిసీ, ఆ బాధ ఏమిటో అడగకుండా, ఓర్చుకుంటున్నందుకు మెచ్చుకుంటూ పోతే అది న్యాయమేనా? ముట్లుడిగే వయసులో ఉన్న మన తల్లుల విషయంలో ఈ ప్రశ్న మనం వేసుకోవాలి.

ఆడపిల్ల పెద్దమనిషి అయితే గూడెమంతా తెలుస్తుంది. చుట్టాలొస్తారు, విందు జరుగుతుంది. అదే మనిషికి ముప్పై, ముప్పై అయిదేళ్ల తర్వాత ముట్టు ఆగిపోతే ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. పుస్తకాల్లో దీన్ని రుతువిరతి అంటారు, డాక్టర్లు మెనోపాజ్ అంటారు. వరసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. మన దేశంలో ఎక్కువమందికి ఇది 45, 50 ఏళ్ల మధ్య వస్తుంది. అండాశయాల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారవడం తగ్గిపోవడమే దీనికి కారణం. ఆగడానికి కొన్నేళ్ల ముందునుంచే తేడాలు మొదలవుతాయి. ముట్టు లెక్క తప్పుతుంది. ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు లేస్తాయి, చెమటలు పోస్తాయి. నిద్ర పట్టదు. గుండె దడ, కీళ్ల నొప్పులు, మూత్రంలో మంట, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. అందరికీ అన్నీ రావు. కొందరికి ఏమీ తెలియకుండానే గడిచిపోతుంది. కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇప్పుడు ఈ ఒంటితో ఆమె చేసే పని చూడండి. తునికాకు కోత ఏప్రిల్, మే నెలల్లో. బయట ఎండ, లోపల ఆవిరి. రాత్రి నిద్ర లేదు, తెల్లవారకముందే అడవికి పోవాలి, సాయంత్రానికి కట్టలు కట్టాలి. మన ఆశ్రమ పాఠశాలల్లో వందల మంది పిల్లలకు వండిపెట్టే అక్కల్లో చాలామందిది ఇదే వయసు. పొయ్యి దగ్గర నిలబడలేక ఒక్కసారి బయటికొస్తే "పని తప్పించుకుంటోంది" అంటాం. ఇంట్లో విసుక్కుంటే "గయ్యాళిదైపోయింది" అంటాం. ఇంకొంచెం ముదిరితే "గాలి సోకింది" అంటాం. ఇన్ని పేర్లు పెడతాం గానీ "ఒంట్లో ఎలా ఉందే అమ్మా?" అని అడగం.

పెద్దలు ఒక మాట అంటారు: "ఇది సహజం. మా అవ్వలు దాటలేదా? దీనికీ మందులా?" ఈ మాటలో సగం నిజం ఉంది. ఇది రోగం కాదు. కానీ సహజమైనదాన్ని ఒంటరిగానే భరించాలని ఎక్కడుంది? కాన్పు కూడా సహజమే. అయినా మన గూడేల్లో కాన్పు రోజున మంత్రసాని వస్తుంది, తోటి ఆడవాళ్లు పక్కన కూర్చుంటారు, నడుం పడతారు. ఒకరి నొప్పి పదిమందిదని మన పెద్దలకు తెలుసు. ఆ తెలివి ముట్లుడిగే దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగిపోయింది?

మనం అడగకపోతే ఇంకెవరో అడుగుతారు. నాకు తెలిసిన ఒక అక్కకు నలభై దాటాక ముట్టు ఎక్కువగా పోవడం మొదలైంది. ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. రక్తం తగ్గి తూలిపోయే స్థితికి వచ్చాక పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. స్కానింగు తీసి, "పిల్లలు పుట్టేశారు కదా, ఇక సంచి ఎందుకు? ఉంచితే క్యాన్సరవుతుంది" అన్నారు. మేకలు అమ్మి ఆపరేషను చేయించారు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీశారని ఆమెకు తర్వాతెప్పుడో తెలిసింది. అండాశయాలు తీసేస్తే, నెమ్మదిగా రావలసిన మార్పంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఎముకలు త్వరగా గుల్లబారతాయి. మందులతో తగ్గుతుందేమో చూద్దామని ఆమెతో ఎవరూ అనలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి 3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. అవసరం లేని ఈ ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

ఇంట్లో "ఓర్చుకో" అన్నవారికీ, ఆసుపత్రిలో "తీసేద్దాం" అన్నవారికీ దూరం ఎక్కువ లేదు. ఇద్దరి లెక్కా ఒకటే: ఆడమనిషి ఒళ్లు పిల్లల్ని కనడానికి, పని చేయడానికి. కనడం అయిపోయింది గనక ఒకరు పట్టించుకోరు, ఇంకొకరు కోసి పారేస్తారు. చాలాచోట్ల ముట్లుడిగిన ఆడవాళ్లకు దేవర పనుల్లో చోటిస్తాం, ముట్టు పేరుతో దూరం పెట్టడం మానేస్తాం. అది గౌరవమే. కానీ "ఇక మైల లేదు" అని ఇచ్చే గౌరవంలో, అంతకుముందు ముప్పై ఏళ్లూ ఆమె ఒళ్లు మైల అనే మాట దాగి ఉంది. మనిషికి విలువ మనిషైనందుకే ఉండాలి. పోడు కొట్టేటప్పుడు కూడా ఇప్పచెట్టును నరకకుండా వదిలే జాతి మనది. దేనికి గొడ్డలి పెట్టకూడదో మనకు ఒకరు నేర్పక్కర్లేదు.

మరి మనం చేయవలసిందేమిటి? యువకులారా, మొదటిది వినడం. అమ్మ చెబితే సిగ్గుపడకుండా వినండి, చెప్పకపోతే పక్కన కూర్చుని అడగండి. మూడు రోజుల కట్టెలమోపు మీరు మోయండి. చోడి అంబలి, ఆకుకూర, గుడ్డు ఆమె పళ్లెంలోకి కూడా వస్తున్నాయో లేదో చూడండి. ముట్టు మరీ ఎక్కువగా పోతుంటే ఆశా కార్యకర్తకు చెప్పి పి.హెచ్.సి.లో రక్తపరీక్ష చేయించండి. ఏడాది ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే అసలు ఆలస్యం చేయకండి. అది క్యాన్సరు గుర్తు కావచ్చు, పరీక్ష చేయించి తీరాలి. ఎవరైనా సంచి తీయాలంటే "ఎందుకు? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా?" అని అడగండి, ప్రభుత్వాసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించండి. ఆపరేషను నిజంగా అవసరమైనవాళ్లూ ఉంటారు. వాళ్లను భయపెట్టవద్దు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. కౌమారదశ పాఠం చెప్పేటప్పుడు ముట్టు మొదలవడం దగ్గరే ఆపేయకండి. అది ఎప్పుడు, ఎలా ఆగుతుందో మగపిల్లలకూ కలిపి చెప్పండి. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు, ఎదురుగా కూర్చున్న అమ్మ ఒంట్లో ఏం జరుగుతోందో ఆ పిల్లలకు అర్థమవుతుంది.

ఓర్పు తనంతట తాను ఎంచుకున్న మనిషికి గొప్ప గుణం. అడిగే దిక్కు లేక ఓర్చుకుంటే అది ఆమె గుణం కింద రాదు, మన తప్పు కింద వస్తుంది. ఆ బాకీ మనం తీర్చాలి.