అహాబుకు దొరికిన టిప్పులు

వాక్యభాగము: 1 రాజులు 22:1–38



ఈ అధ్యాయాన్ని మీరు చాలాసార్లు చదివే ఉంటారు. రామోత్గిలాదు మీదికి వెళ్ళాలని అహాబు ముందే నిర్ణయించుకున్నాడు. ప్రవక్తలను పిలిపించింది ఆ తరువాత. సుమారు నాలుగు వందల మంది వచ్చి, వెళ్ళు, గెలుపు నీదే అన్నారు. సిద్కియా అయితే ఇనుప కొమ్ములు చేయించుకొని మరీ వచ్చాడు. మీకాయా ఒక్కడే మరో మాట చెప్పేవాడు, అందుకే రాజుకు అతడంటే గిట్టదు. గమనించండి, అహాబుకు సలహాలు తక్కువై కాదు నష్టం జరిగింది.

ఇప్పుడు మన జాన్సన్‌విల్‌కు రండి. మన మధ్య ఉన్న ఒక సహోదరుడి శనివారం ఇలా గడిచిందనుకుందాం. పిల్లవాడిని కీత్ స్ప్రై ఈతకొలనులో దింపి, బయట బెంచీ మీద కూర్చొని ఫోన్ తీశాడు. ట్రెంథమ్‌లో రేసులు. రైలెక్కి వెల్లింగ్టన్‌లో బండి మారి అంత దూరం వెళ్ళే పని ఇప్పుడు లేదు, వేలు కదిపితే చాలు. స్నేహితుడు చేర్పించిన గ్రూపులో పొద్దుటి నుంచి టిప్పులు వస్తున్నాయి. మొదటి రేసులో 10 డాలర్లు పెడితే 22 వచ్చాయి. (ఆ పన్నెండు డాలర్ల లాభమే ఆ రోజుకు అసలు కీడు అని నా అభిప్రాయం.) రెండవ రేసులో 20 పోయాయి. మూడవదానిలో 40, గుర్రం తల వాసి తేడాతో రెండవ స్థానంలో వచ్చింది. నాలుగవదానిలో టిప్పు ఇచ్చిన గుర్రం పరుగుకే రాలేదు, డబ్బు వెనక్కి వచ్చింది. ఐదవదానిలో 80. చివరి రేసుకు, పోయినదంతా రాబట్టాలని, 160. ఆ గుర్రం ఎక్కడ ఉందో కూడా తెరమీద కనబడలేదు. మొత్తం 288 డాలర్లు. ఆ నెల ఇంటికి, అమ్మ మందులకు పంపవలసిన డబ్బు అందులో ఉంది.

చివరి పందెానికి ముందు అతడు కళ్ళు మూసుకొని ప్రార్థించాడనుకోండి. ప్రభువా, ఈ ఒక్కటి గెలిపించు, దశమభాగం కాదు, సగం నీ పనికే ఇస్తాను. నవ్వకండి. ఇలాంటి మొక్కుబడి మనకు కొత్త కాదు. కానీ ఆలోచించండి, అతడు గెలిస్తే వచ్చే ఆ డబ్బు ఎవరిది? అదే సాయంత్రం మరో ఇంట్లో, మరో గుర్రం మీద, బహుశా అలాంటి ప్రార్థనే చేసి ఓడిపోయిన వారిది. సిలువ క్రింద సైనికులు ప్రభువు అంగీ కోసం చీట్లు వేసుకున్నారు (యోహాను 19:23–24). పైన ఏమి జరుగుతోందో చూడకుండా తమ వంతుకు ఏమి వస్తుందోనని చూసినవారు వారు.

మనలో చాలామందిమి లెక్కలతో బ్రతికే ఐటీ ఉద్యోగులం, కాబట్టి లెక్క కూడా చూద్దాం. ఎనిమిది గుర్రాలు, అన్నీ సమానమైనవే అనుకోండి. న్యాయంగా అయితే డాలరుకు 8 రావాలి. పందెం నడిపేవారు 7 ఇస్తారనుకుందాం. ఎనిమిదింటి మీదా ఒక్కొక్క డాలరు పెట్టండి, 8 ఇచ్చి 7 తీసుకుంటారు. ఆ ఒక్క డాలరు ఎవరు గెలిచినా వెనక్కి రాదు. టిప్పు దీన్ని మార్చగలదా? నిజంగా మంచి టిప్పు అయితే అందరూ అదే గుర్రం మీద పెడతారు, దాని మీద వచ్చే డబ్బు తగ్గిపోతుంది. వందల మందికి పంపిన రహస్యం రహస్యమెలా అవుతుంది?

టిప్పుల గ్రూపుల వెనుక ఒక పాత మోసం కూడా ఉంది. 800 మందిని ఎనిమిది గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో గుర్రం పేరు పంపుతారు. ఏదో ఒకటి గెలుస్తుంది కదా! ఆ వంద మందికి చెప్పినవాడు ప్రవక్తలా కనబడతాడు. మిగిలిన ఏడు వందల మంది మాట ఆ వంద మందికి తెలియదు. మరుసటి టిప్పుకు రుసుము అడిగేది వారినే. అహాబు ముందు నాలుగు వందల మంది ఒకే మాట చెప్పారు, వీరు ఎనిమిది మాటలు చెప్తారు. పని జరిగేది ఒక్కటే.

ఈ దేశంలోనే ఒక విశేషం జరిగింది. పందెాలను తనంతట తానే లెక్కించే మొదటి పెద్ద యంత్రాన్ని 1913లో ఆక్లండ్‌లోని ఎల్లర్స్‌లీ రేసుకోర్సులో పెట్టారు. తయారుచేసిన జార్జ్ జూలియస్ ఒక బిషప్పు కుమారుడు. తండ్రి చర్చిల్ జూలియస్ క్రైస్ట్‌చర్చ్‌లో బిషప్పు. ఎన్నికల్లో ఓట్లు లెక్కించడానికి కుమారుడు మొదట ఆలోచించిన యంత్రం అది. దానిని ఎవరూ తీసుకోలేదు, రేసులవారు తీసుకున్నారు. ఇంజనీరుగా ఆ తీగల, కప్పీల పనితనాన్ని నేను మెచ్చుకోకుండా ఉండలేను. అయినా కంప్యూటర్లు రాకముందే అంత తెలివి ఎక్కడికి వెళ్ళిందో చూడండి.

రేసు జూదం కాదు, నైపుణ్యం అని 1996లో మన సుప్రీంకోర్టే చెప్పింది కదా అని మలక్‌పేట రేసులు ఎరిగిన పెద్దలు అడుగుతారు. నిజమే, చెప్పింది. అది చట్టం దృష్టిలో నేరమా కాదా అన్న ప్రశ్నకు జవాబు. బెంచీ మీద కూర్చున్న మన సహోదరుడికి ఆ నైపుణ్యం ఉందని ఏ కోర్టూ తీర్పు ఇవ్వలేదు.

అహాబు యుద్ధానికి మారువేషం వేసుకొని వెళ్ళాడు. గురి లేకుండా వదిలిన ఒక బాణం కవచపు అతుకుల మధ్య దిగింది. అయినా సాయంకాలం వరకు అతన్ని రథంలోనే నిలబెట్టి ఉంచారు. లోపల రక్తం కారుతూ, బయటికి నిలబడి ఉన్న రాజు. మన సహోదరుడు కూడా అలాగే ఫోన్‌లో ఆ యాప్‌ను వేరే ఫోల్డరులో దాచి, ఆదివారం ఆరాధనలో చేతులెత్తి నిలబడతాడు. భార్యకు తెలియదు. 288 కంటే పెద్ద నష్టం అదే.

నాకు ఈ అధ్యాయంలో ఎక్కువ బాధ కలిగించేది అహాబు కాదు, యెహోషాపాతు. దైవభక్తి గలవాడు. నాలుగు వందల మంది మాట విని అనుమానించి, యెహోవా ప్రవక్త ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది ఆయనే. మీకాయా మాట విన్నాడు కూడా. విని, అహాబుతో పాటు వెళ్ళాడు! తరువాత యెహూ ఆయనను గద్దించిన మాటలు 2 దినవృత్తాంతములు 19లో ఉన్నాయి. మనం కూడా ఒకసారి, బ్రదర్, అంతా బాగేనా, అని అడుగుతాం. బాగే అంటే టీ కప్పు తీసుకొని ప్రక్కకు వెళ్ళిపోతాం.

ఈ మాటలు చదువుతున్న మీరే ఆ సహోదరుడైతే, ఈ రాత్రి మీ భార్యకు మొత్తం సంఖ్య చెప్పండి, తగ్గించకుండా. మీ ఖాతాను మూసివేయమని, మళ్ళీ తెరవనివ్వవద్దని పందెం సంస్థను అడగవచ్చు. న్యూజిలాండ్‌లో జూదం నుండి బయటపడటానికి సహాయం చేసే ఉచిత ఫోన్ నంబరు 0800 654 655. సంఘంలో తెలిస్తే పరువు పోతుందని భయమైతే ముందు అక్కడికే ఫోన్ చేయండి, తరువాత పాస్టరుగారి దగ్గరకు వెళ్ళండి. మీరు యెహోషాపాతు స్థానంలో ఉంటే, వచ్చే శనివారం మధ్యాహ్నం అతన్ని మీ ఇంటికి భోజనానికి పిలవండి. రేసులు అయిపోయేవరకు పంపించకండి.