పన్నెండు గంపల పాఠం



ఐదు రొట్టెలు, రెండు చేపల కథ మనకు చిన్ననాటి నుండి తెలిసినదే. సత్యోపదేశం తరగతిలో ఏ పిల్లవాడిని లేపి అడిగినా గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. ఐదువేలమంది కడుపునిండా తిన్నారు అని చెప్పి కూర్చుంటాడు. కాని పునీత యోహానుగారు కథను అక్కడితో ముగించలేదు (యోహాను 6:1-13). అందరూ తిన్న తరువాత ప్రభువు శిష్యులకు మరొక పని అప్పగించారు. మిగిలిన ముక్కలన్నీ ఏరి తెమ్మన్నారు, ఏదీ పాడుకాకూడదన్నారు. వారు ఏరితే పన్నెండు గంపలు నిండాయి.

ఒక్కసారి ఆలోచించండి. అయిదు రొట్టెలను అయిదువేలమందికి పంచగలిగినవారికి గడ్డిలో పడిన ముక్కలతో పని ఏమిటి? మరునాడు మళ్ళీ ఆకలి వేస్తే మళ్ళీ ఆశీర్వదించవచ్చు కదా! పైగా అవి గోధుమ రొట్టెలు కూడా కావు, పేదవారు తినే యవల రొట్టెలు. అయినా ప్రభువు వాటిని వదిలివేయనివ్వలేదు. తండ్రి చేతినుండి వచ్చినది ఎంత ఎక్కువగా వచ్చినా అది వరమే. వరాన్ని కాలికింద తొక్కరాదు. ఆనాడు శిష్యులు వంగి ఒక్కొక్క ముక్క ఏరుతూ నేర్చుకున్న పాఠం ఇది.

ఇప్పుడు మన ఇంటి వంటగదిలోకి వద్దాం. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలో మిగిలిన గుప్పెడు అన్నం ఎక్కడికి పోతున్నది? పెళ్ళి విందులో విస్తరి మీద వడ్డించిన పదహారు రకాలలో ఎన్ని అలాగే మడిచి పారవేస్తున్నాం? ఎవరైనా పెద్దవారు అడిగితే మనలో చాలామంది ఒకే జవాబు చెబుతారు: "మా డబ్బుతో కొన్నాం, మా ఇష్టం. మీకేం నష్టం?"

ఈ వారం ఈ జవాబును గురించే మీతో మాట్లాడాలని నా కోరిక. ఇది నిజమేనా? మనం ఇచ్చిన డబ్బు ఎవరికి చేరింది? కొట్టువానికి, మిల్లు యజమానికి, ఎంతో కొంత రైతుకు. మరి ఆ బియ్యం పండించిన నీటికి ఎవరు వెలకట్టారు? ఆ నేల సారానికి, గాలికి, ఎండకు రసీదు ఎవరు రాశారు? అవి ఎవరూ అమ్మలేదు, మనం కొననూ లేదు. అవి దేవునివి. దేవుడు వాటిని అందరికోసం ఇచ్చాడు. రేపు పుట్టబోయే బిడ్డలకోసం కూడా ఇచ్చాడు. భూమి సంపద సకల మానవాళి మేలుకోసమే అన్నది తిరుసభ అనాదిగా బోధిస్తున్న సత్యం.

ఆ గుప్పెడు అన్నం లెక్క చూద్దాం. ఒక కిలో బియ్యం పండడానికి సుమారు 2,500 లీటర్ల నీరు కావాలని వ్యవసాయ నిపుణులు చెబుతున్నారు. అందులో కొంత ఆవిరైపోతుంది, కొంత భూమిలోకి ఇంకుతుంది. కాని అంత నీరు ఆ మడిలో నిలిచి తీరాలి. ఒక కుటుంబం రోజుకు 50 గ్రాముల బియ్యం అన్నం పారవేస్తుందనుకోండి. ఏడాదికి 18 కిలోలు దాటుతుంది. నీటి లెక్కన 45 వేల లీటర్లు. అంటే వేసవిలో మన వీధికి వచ్చే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిదింటిని తెచ్చి మురుగుకాలువలో వదిలినట్లు. అలా వదిలితే వీధివారంతా వచ్చి మనలను నిలదీయరా? బియ్యం రూపంలో పోతున్నది కాబట్టి ఎవరికంటా పడడం లేదు.

ఇంతటితో అయిపోలేదు. కాలువ నీరు అందని మెట్టప్రాంతంలో ఆ వరి బోరు కింద పండుతుంది. బోరు కరెంటుతో నడుస్తుంది. మన దేశంలో కరెంటు చాలావరకు బొగ్గును కాల్చగా వచ్చినదే. బొగ్గుతో తయారైన ఒక్కొక్క యూనిట్ కరెంటుకు దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఇక పారవేసిన అన్నం ఊరి చివర చెత్తగుట్టలో గాలి సోకకుండా కుళ్ళితే మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువు కంటే, వందేళ్ళ లెక్కన చూస్తే, 25 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. మనం చేయి దులుపుకొని లోపలికి వచ్చేస్తాం. ఆ అన్నం మాత్రం బయట భూమిని వేడెక్కిస్తూనే ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఒక నివేదిక ప్రకటించింది. 2022వ సంవత్సరంలో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని అందులో లెక్క తేల్చారు. ఆ వృథాలో హోటళ్ళ వాటా, దుకాణాల వాటా కలిపినా సగం లేదు. 60 శాతం మనవంటి ఇళ్ళలో జరిగినదే. భూమిని వేడెక్కించే వాయువులలో 8 నుండి 10 శాతం, పొలంనుండి పళ్ళెం వరకు పాడైపోయే ఆహారంవల్లనే వస్తున్నాయి.

వేడెక్కితే ఏమవుతుందో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2015 మే నెలలో వడగాలులకు మన దేశంలో రెండువేలమందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. పత్రికలలో ఆ జాబితాలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది: ఉపాధి పనికి వెళ్ళినవారు, మేస్త్రీ పని చేసేవారు, మేకలు కాసేవారు, రేకుల కప్పు కింద పడుకున్న ముసలివారు. చల్లటి గదిలో కూర్చున్నవారి పేర్లు ఆ జాబితాలో ఎన్ని ఉంటాయి? పునీత లూకాగారి సువిశేషంలో ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు. తన బల్లమీద తాను తిన్నాడు, వాకిట్లో ఉన్నవానిని చూడలేదు, అంతే. ఈనాడు మన బల్లకూ లాజరు వాకిలికీ మధ్య దూరం పెరిగింది. మన ఇంట్లో మొదలైన వేడి ఎక్కడో ఎవరి నెత్తిమీదో పడుతుంది. కనబడనంత మాత్రాన లెక్కలోకి రాకుండా పోతుందా?

"ఫాదర్‌గారూ, అమెరికావాళ్ళ ముందు మనమెంత? ఫ్యాక్టరీలను వదిలేసి మా గిన్నె మీద పడతారేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సగటున ఒక అమెరికా పౌరుడు ఏడాదికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కారకుడవుతుంటే, ఒక భారతీయుడు సుమారు 2 టన్నులకు మాత్రమే కారకుడు. ఎక్కువ పాడుచేసినవారే ఎక్కువ భారం మోయాలి, ఇది ధర్మం. 2015లో ఫ్రాన్సిస్ జగద్గురువులు "లౌదాతో సీ" విశ్వలేఖలో ధనిక దేశాలు పేద దేశాలకు పర్యావరణ రుణం ఉన్నాయని స్పష్టంగానే రాశారు.

అయితే ఆ సగటు రెండు టన్నుల వెనుక ఎవరున్నారు? నాలుగు గదులలో నాలుగు ఏసీలు నడిపే ఇల్లూ ఉంది, ఒక్క బల్బు వెలిగే గుడిసే ఉంది. ఆ గుడిసె పేదరికమే మన సగటును తగ్గించి చూపుతున్నది. పేదవాని పొదుపును మన ఖాతాలో వేసుకొని, మేము తక్కువే వాడుతున్నామని దేవునిముందు చెప్పుకోగలమా?

ఈ బోధ నిన్న మొన్న పుట్టినది కాదు. పునీత రెండవ జాన్‌పాల్ జగద్గురువులు 1990 జనవరి 1న, ప్రపంచ శాంతి దినోత్సవ సందేశంలోనే, మన జీవన విధానాన్ని గట్టిగా పరిశీలించుకోనిదే పర్యావరణ సమస్యకు పరిష్కారం లేదని హెచ్చరించారు. 2013 జూన్ 5న ఫ్రాన్సిస్ జగద్గురువులు అన్నాన్ని పారవేయడం పేదవాని బల్లమీదనుండి దొంగిలించడం వంటిదని చెప్పారు. దొంగతనం! ఏడవ దేవుని ఆజ్ఞ! పాపసంకీర్తనానికి వెళ్ళేముందు చేసుకునే ఆత్మపరిశీలనలో ఈ సంగతి మనలో ఎంతమందికి గుర్తుకు వస్తున్నది?

మన అవ్వలు ఈ విశ్వలేఖలు చదవలేదు. కాని వారు ఎసట్లో పోసే ముందు బియ్యం కొలిచేవారు. రాత్రి మిగిలినది తెల్లవారి చద్దన్నమయ్యేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి కుడితితొట్టిలోకి వెళ్ళేవి. పాతచీర బొంతయ్యేది. అన్నం మెతుకు కింద పడితే ఏరి కళ్ళకద్దుకునేవారు. వారిని లోభులన్నవారు లేరు, ఎందుకంటే ఆ ఇంటికి ఆకలితో వచ్చినవాడు ఉత్తచేతులతో వెళ్ళలేదు. లోభి తనకోసం దాచుకుంటాడు, పొదుపరి పదిమందికోసం మిగులుస్తాడు.

కనుక ఈ వారంనుండే మన ఇంట్లో ఏమి చేయగలం? మొదటిది, కొలిచి వండండి, అడిగి వడ్డించండి, పిల్లలకు కొద్దికొద్దిగా పెట్టి మళ్ళీ పెట్టండి. రెండవది, కూరగాయల తొక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి పారవేయకుండా పెరటిలో గుంటతీసి వేయండి, పెరడు లేనివారు కుండీలో ఎరువు చేయండి. మూడవది, మంచినీటి యంత్రం బయటకు వదిలే నీటిని బకెట్టులో పట్టి ఇల్లు తుడవడానికి వాడండి. నాలుగవది, ఏసీ ఉన్నవారు దానిని 24 డిగ్రీలకు తగ్గించకండి. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ప్రభుత్వ విద్యుత్ పొదుపు సంస్థే చెబుతున్నది. అయిదవది, బజారుకు చేతిసంచి లేకుండా వెళ్ళకండి.

విచారణలోనూ మనం మారవలసినది ఉంది. గురువులమైన మాకూ ఇందులో వాటా ఉంది. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు, చెంచాలు, థర్మాకోల్ అలంకరణలను మన దేశంలో 2022 జులై 1నుండి నిషేధించారు. అయినా గుడి పండుగ మరునాడు ఆవరణ ఎలా ఉంటున్నదో మీకు తెలుసు. విచారణ పండుగకు, గురువుల రజతోత్సవానికి కట్టే ఫ్లెక్సీలలో మా ఫోటోలు నాలుగు రోజులు నవ్వి తరువాత మురుగుకాలువకు అడ్డం పడుతున్నాయి. గుడ్డమీద రాయించిన బ్యానరు పదేళ్ళు వస్తుంది. ప్రతి ఏడూ ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో లక్షలాది భక్తులు గుణదల మాత కొండకు వెళుతున్నారు. ఇంటినుండి ఒక నీళ్ళ సీసా, ఒక గుడ్డసంచి తీసుకువెళ్ళి, తెచ్చిన చెత్తను తిరిగి తీసుకువెళితే మరియతల్లికి అది ఒక కొబ్బరికాయకు తక్కువ కానుక కాదు. విందులలో మిగిలినది చెడకముందే అనాథ శరణాలయానికి, వృద్ధాశ్రమానికి చేర్చే బాధ్యతను యువతీయువకులు, విన్సెంట్ డి పాల్ సభవారు తీసుకోవచ్చు. కాని వంట మొదలుకాకముందే తగినంత వండించడం అంతకంటే మేలు.

చివరిగా ఒక మాట. ఆదివారం దివ్యపూజలో దివ్యసత్ప్రసాదం పంచిన తరువాత గురువు ఏమి చేస్తారో గమనించండి. పళ్ళెంలో కంటికి ఆననంత తునకను కూడా వదలకుండా పాత్రలోకి తీసి భక్తితో స్వీకరిస్తారు. ఆ అప్పం క్రీస్తు శరీరం కనుక ఆ గౌరవం దానికే చెల్లుతుంది. కాని క్రీస్తు శరీరమయ్యే ముందు ఆ అప్పం ఏమిటి? నేల పండించినది, మనిషి చెమటోడ్చినది. అలా చెప్పే కదా పీఠం మీద దానిని దేవునికి సమర్పిస్తాం! మన గిన్నెలోని అన్నం కూడా ఆ నేలనుండే, ఆ చెమటనుండే వచ్చింది. పీఠం దగ్గర తునకను ఏరిన మతం, ఇంటికి వచ్చి గుప్పెళ్ళకొద్దీ పారవేయడం నేర్పదు.

ఈ రాత్రి భోజనానికి ముందు జపం చెప్పుకునేటప్పుడు, తిన్న తరువాత గిన్నెలో ఏమి మిగులుతుందో, అది ఎక్కడికి పోతుందో కూడా తలచుకోండి. ఇంటి పెద్దలు చేసి చూపండి, పిల్లలు దానంతట అదే నేర్చుకుంటారు. మన ముక్కలను మనమే వంగి ఏరుకునే వినయాన్ని ప్రభువు మనందరికీ అనుగ్రహించునుగాక! ఆమెన్.