పదిహేను మిల్లీమీటర్లు

నా బల్ల మీద కాగితాలు ఫ్యాను గాలికి ఎగరకుండా పెట్టుకునే బరువు ఒకటుంది. గుండ్రటి అల్యూమినియం ముక్క. అంచు చుట్టూ గాడులు, మధ్యలో మూడు బోల్టు రంధ్రాలు. అడ్డంగా కొలిస్తే 85 మిల్లీమీటర్లు. ఇంటికొచ్చినవాళ్లు ఇదేంది అని అడిగితే పాత కారు పుల్లీ అని చెప్తుంటాను. అబద్ధమైతే కాదు, కానీ అసలు సంగతిలో అది చాలా చిన్న ముక్క. మిగతాది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లె. నాన్న కమ్మరి. నేను కొలిమి ముందు కూర్చోలేదు, షార్జా పోయాను. మా వైపు ఊళ్లలో గల్ఫ్ మొహం చూడని ఇల్లు వెతికితేగాని దొరకదు. పదకొండేళ్లు అక్కడ కార్ల ఏసీలు బాగుచేశాను. 2014లో తిరిగొచ్చినప్పుడు అందరిలాగే కంబళ్లు, అత్తరు సీసాలు తెచ్చాను. ఒక కంబళి మడతల్లో మాత్రం ఎవరికీ చెప్పని సామాను ఉంది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత సామాన్ల దుకాణం నుంచి కొన్న సూపర్‌చార్జర్. గుద్దుకుని నుజ్జయిన మినీ కూపర్ ఎస్ కారులోంచి తీసింది. ఈటన్ కంపెనీ ఎం45.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇంజన్ బలం అది పీల్చే గాలిని బట్టి ఉంటుంది. ఎక్కువ గాలి లోపలికి పోతే ఎక్కువ పెట్రోలు కాలుతుంది, ఎక్కువ పికప్ వస్తుంది. మామూలు ఇంజన్ తనకు తానుగా పీల్చినంతే పీలుస్తుంది. సూపర్‌చార్జర్ దానికి గాలిని బలవంతాన కుక్కుతుంది. టర్బో సైలెన్సర్ వైపు పోయే పొగతో తిరిగితే, ఇది బెల్టుతో తిరుగుతుంది. అంటే ఇంజన్ దగ్గరే కొంత బలం తీసుకుని ఇంజన్‌కే ఎక్కువ బలం ఇస్తుంది. ఎం45 లోపల మూడేసి రెక్కల రోటర్లు రెండు, ఒకదాన్నొకటి తాకకుండా తిరుగుతాయి. ఒక్క చుట్టుకు ముప్పావు లీటరుకు కాస్త తక్కువ గాలి నెడతాయి. ఈ రకం యంత్రానికి అమెరికాలో ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్ ఊరికి చెందిన రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి కార్లే లేవు. ఇనుము కరిగించే కొలుములకు గాలి కొట్టడానికి వాడారు. ఆ సంగతి తెలిసినప్పుడు నాన్న తోలు తిత్తి గుర్తొచ్చి నవ్వుకున్నాను. గాలి ఎక్కువ కొడితే ఇనుము కూడా మాడుతది అని నాన్న అనే మాట మాత్రం గుర్తు రాలేదు.

కారు 2003 నాటి మారుతి ఎస్టీమ్, సెకండ్ హ్యాండ్‌ది. 1298 సీసీ, 85 హార్స్‌పవర్. అంత తేలిక ఒంటికి ఆ బలం చాలు. నాకే చాలలేదు.

ఈ సూపర్‌చార్జర్‌ను, మా భాషలో బ్లోయర్‌ను, బిగించడానికి బానెట్ కింద చోటు లేదు. ఉన్న ఒక్క చోటు ఏసీ కంప్రెసర్‌ది. దాని బ్రాకెట్ ఉంది, దాని బెల్టు దారి ఉంది. పదకొండేళ్లు పరాయివాళ్ల కార్లకు చల్లగాలి పోసినవాణ్ని, మా ఇంటి కారులోంచి ఏసీ ఊడబెరికాను. ఆ మే నెలలో పిల్లలను కూర్చోబెట్టుకుని బాసర పోయినప్పుడు వెనక సీట్లో మా ఆవిడ కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. ఏసీ ఏమైంది అంటే గ్యాస్ లీకయింది అన్నాను. పైసల సంగతి అడిగితే నలభై వేలయింది అన్నాను. అయింది లక్షా నలభై వేలు. పొలంలో కాలిపోయిన బోరు మోటరు అప్పటికి ఆరు నెలలుగా షెడ్డులోనే ఉంది.

పని చేసింది కామారెడ్డిలో హైవే పక్కన షెడ్డు నడిపే మేస్త్రి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, నేను కాకా అనేవాణ్ని. సూపర్‌చార్జర్ ఆయన అంతకుముందు ముట్టలేదు, కానీ ఇంజన్ తెలుసు. మినీలో ఆ బ్లోయర్ వెనక వైపు నుంచి వాటర్ పంపు కూడా నడుస్తుంది. ఆ వైపు కప్పు వేసి మూసేశాడు. రెండు కొనల్లోనూ నూనె మార్చాడు. ముక్కు మీద మూడు బోల్టులతో బిగించే హబ్బు చేయించి, 130 మిల్లీమీటర్ల క్రాంక్ పుల్లీకి 100 మిల్లీమీటర్ల పుల్లీ జత చేశాడు. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే బ్లోయర్ ఒకటీ పాయింట్ మూడు చుట్లు. కుక్కిన గాలి ఒత్తిడి, అంటే బూస్ట్, గేజీలో ఆరు పీఎస్‌ఐ.

ఆరు దగ్గర ఎందుకు ఆగాలో కాకా నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఈ కారు కంప్యూటర్‌కు బయట ఉన్న గాలి పీడనం దాకానే లెక్క వస్తుంది. ఆపైన ఎంత కుక్కినా దానికి తెలియదు, పెట్రోలు పెంచదు. అందుకే బూస్ట్‌తో పాటు పెట్రోలు ఒత్తిడి పెంచే రెగ్యులేటర్ పెట్టాడు. దానికీ ఇంజెక్టర్లకూ ఒక హద్దుంది. మినీ కంపెనీవాళ్లు ఇదే బ్లోయర్ పెట్టినప్పుడు ఇంజన్ కంప్రెషన్ 8.3కు తగ్గించారు, వేడెక్కిన గాలిని చల్లార్చడానికి పైన ఇంటర్‌కూలర్ పెట్టారు. నేను వాళ్ల దగ్గర బ్లోయర్ ఒక్కటే తీసుకొచ్చాను, వాళ్ల జాగ్రత్తలు తీసుకురాలేదు. "ఆరు దాటద్దు తమ్మీ. దాటితే ఇంజన్ నీది కాదు" అన్నాడు కాకా.

ఇక్కడి నుంచి చెప్పడం కష్టం.

2016 దసరా, అక్టోబర్ 11. ఆ రోజే కామారెడ్డి జిల్లా అయింది. ఊరంతా తోరణాలు. నేను బానెట్ ఎత్తి బ్లోయర్‌కు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, జమ్మి ఆకు డాష్‌బోర్డు మీద పెట్టాను. కారు బ్రహ్మాండంగా ఉంది. మూడో గేరులో తొక్కితే సన్నగా ఈల వేసేది, చౌరస్తాలో తలలు తిరిగేవి. ఆ తలలు తిరగడమే నాకు కావాల్సింది. వేగం కాదు. ఇప్పుడు నిలదీసుకుంటే తేలేది అదే. షార్జాలో పదకొండేళ్లు నేను సర్దిన కార్లను వేరేవాళ్లు ఎక్కి పోయారు. నన్ను చూసినవాడు లేడు.

వారం తిరిగేసరికి ఆ ఈల సరిపోలేదు. కాకాకు చెప్పకుండా ఒక లేత్ మిషన్ దగ్గరికి పోయి 85 మిల్లీమీటర్ల పుల్లీ చేయించాను. బ్లోయర్ పుల్లీ చిన్నదయితే బ్లోయర్ ఇంకా తొందరగా తిరుగుతుంది. పదిహేను మిల్లీమీటర్లు తగ్గించినందుకు గేజీ తొమ్మిది దాటింది. రాత్రిపూట ఇంటి ముందు నేనే బిగించాను. పొట్టి బెల్టు కూడా ముందే కొనిపెట్టుకున్నాను. గేజీలు చదవడం నా బతుకుదెరువు. ఆ ముల్లు ఎక్కడ నిలబడిందో, అక్కడ నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మర్నాడు లింగంపేట దాటి ఎల్లారెడ్డి పోతున్నాను. అక్టోబర్ కదా, రోడ్డుకు ఎడమ పక్క మక్కలు ఆరబోశారు. ముందున్న ట్రాక్టర్‌ను దాటి ఎడమకు వస్తూ పూర్తిగా తొక్కాను. ముందు చక్రాలు లాగే కారుకు ఒక కష్టముంది. లాగాల్సిందీ, తిప్పాల్సిందీ అవే చక్రాలు. పైగా గట్టిగా తొక్కినప్పుడు బరువు వెనక్కి పోయి ముందు భాగం తేలికవుతుంది. ఎడమ చక్రం మక్కల మీద గిర్రున తిరిగింది. తారు మళ్లీ దొరికిన క్షణాన ఒక్కసారిగా పట్టుకుంది. స్టీరింగ్ నా చేతుల్లోంచి గుంజుకుంది. మక్కలు నెరుపుతున్న ఒక ముసలమ్మకు రెండు బారల దూరంలో కారు ఆగింది.

ఆమె తిట్టలేదు. పార చేత్తోనే పట్టుకుని "మెల్లగ పో బిడ్డా, ఎవరు తరుముతున్నరు?" అంది. నేను కిందికి కూడా దిగలేదు. చెదిరిన మక్కలు ఎగదోసి ఇవ్వలేదు. రివర్స్ వేసి పోయాను. ఆ ప్రశ్నకు ఇంతవరకు నా దగ్గర జవాబు లేదు.

ఇంజన్ కూడా చెప్పింది. ఎండపూట గట్టిగా తొక్కితే రేకు డబ్బాలో చింతగింజలు ఆడించిన చప్పుడు. నిప్పురవ్వ అంటించిన మంట తనదాకా వచ్చేవరకు ఆగకుండా మిగిలిన పెట్రోలు ఎక్కడికక్కడ తనంతట తానే పేలితే వచ్చే నాకింగ్ అది. నేను దానికి టాపెట్ సౌండ్ అని పేరు పెట్టాను. సైలెన్సర్ మార్చుకుందామని షెడ్డుకు పోయినప్పుడు కాకా చెవి పెట్టి విని, ప్లగ్గు తీసి చూడు తమ్మీ అన్నాడు. చూస్తానన్నాను, చూడలేదు. చూస్తే ఆపాల్సి వస్తుంది.

దీపావళికి ముందు, తాడ్వాయి దాటాక, టప్పుమని చప్పుడొచ్చింది. వెనక నీలం పొగ. కారు మూడు సిలిండర్ల మీద కుంటుతూ చెట్టు కింద ఆగింది. ట్రాలీకి ఫోన్ చేశాను. అది వచ్చేలోపు నాకు ముప్పావు గంట దొరికింది. ఆ ముప్పావు గంటలో నేను చేసిన పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. డిక్కీలోంచి పానాలు తీసి, కాలుతున్న ఇంజన్ మీద వేళ్లు కాల్చుకుంటూ 85 పుల్లీ విప్పి, కాకా పెట్టిన 100 పుల్లీ, పాత బెల్టు మళ్లీ బిగించాను. చిన్న పుల్లీని గుడ్డలో చుట్టి సీటు కింద దాచాను.

షెడ్డులో హెడ్డు విప్పితే మూడో పిస్టన్ రింగుల మధ్య గోడ విరిగి ఉంది. ప్లగ్గు మీద సన్నటి అల్యూమినియం చుక్కలు. ప్లగ్గు తీసి చూసుంటే వారం ముందే కనబడేవి. కాకా ఆ పిస్టన్‌ను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. తన లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నాడు. ఆయన ముఖం నా కళ్ల ముందే ఉంది. నేను నోరు తెరవలేదు. అది చాలదన్నట్టు హోటల్లో చాయ్ తాగుతూ నలుగురి ముందు "కాకాకు ఈ పని రాదు, పెట్రోలు సెట్టింగ్ తప్పు పెట్టిండు" అన్నాను. ఆ మాట విని ఇద్దరు పిల్లగాళ్లు తమ కార్లు వేరే షెడ్డుకు తోలుకుపోయారని తర్వాత తెలిసింది. ఆయనకు ఇవ్వాల్సిన కూలి ఎనిమిది వేలు కూడా ఎగ్గొట్టాను. ఆయన ఒక్కసారీ అడగలేదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని, ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. నేను ఇన్సూరెన్స్‌వాళ్లకూ చెప్పలేదు. ఆ రోజు ఆ ముసలమ్మకు ఏదైనా అయి ఉంటే ఆమె ఇంటివాళ్లకు పైసా కూడా రాకుండా పోయేదేమో. ఇవన్నీ నేను చట్టానికి పడ్డ బాకీలు. కాకాకు పడ్డ బాకీ ఏ సెక్షన్‌లోనూ లేదు.

బ్లోయర్ తీసేయించాను. పిస్టన్లు మార్పించి, ఏసీ కంప్రెసర్‌ను మళ్లీ దాని చోట్లో పెట్టాను. మా ఆవిడకు అసలు ఖర్చు చెప్పాను. ఆమె చాలాసేపు ఊరుకుని, మరి మోటరు ఎప్పుడు చేయిస్తవ్ అని మాత్రం అడిగింది. మరుసటి వారం చేయించాను.

ఇది పత్రికకు పంపేముందు షెడ్డుకు పోయాను. పుల్లీ, ఎనిమిది వేలు బల్ల మీద పెట్టి మొత్తం చదివి వినిపించాను. కాకా పైసలు లెక్కపెట్టి జేబులో వేసుకున్నాడు. పుల్లీ నాకే తిరిగిచ్చాడు. రాతలో ఒక తప్పుందన్నాడు. ప్లగ్గు తీసి చూడమని ఆయన చెప్పింది ఒకసారి కాదట, రెండుసార్లు. రెండోసారి ఫోన్లో చెప్పాడట.