మొక్కకు నీళ్లు ఎవరు పోయాలి

వృద్ధాశ్రమాల్లో ఆరోగ్యాన్నీ సంతోషాన్నీ వేర్వేరుగా చూస్తారు. బీపీ, షుగర్ నర్సు చూసుకుంటుంది. భజన, టీవీ, పండగపూట పిండివంటలు సంతోషం కింద జమ. వేళకు తిండీ మందూ అందుతుంటే ఇంకేం కావాలని బంధువులూ అంటారు, నిర్వాహకులూ అంటారు. ఆ మాట నిలవదని 1976లోనే తేలింది.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక నర్సింగ్ హోమ్‌లో మనస్తత్వవేత్తలు ఎలెన్ లాంగర్, జుడిత్ రాడిన్ ఒక ప్రయోగం చేశారు. ఒక అంతస్తువాళ్లకు మొక్కలు చూపించి, కావాలంటే నచ్చినదాన్ని తీసుకుని పెంచుకోమన్నారు. సినిమా ఏ రోజు చూడాలో వాళ్ల ఇష్టానికే వదిలారు. మరో అంతస్తువాళ్లకు మొక్కను చేతికిచ్చి, నీళ్లు నర్సులు పోస్తారన్నారు. సినిమా రోజునూ సిబ్బందే నిర్ణయించారు. మూడు వారాలకే మొదటివాళ్లలో హుషారు కనిపించింది. ఏడాదిన్నర తర్వాత చూస్తే వాళ్లలో 15 శాతం మంది, రెండోవాళ్లలో 30 శాతం మంది చనిపోయి ఉన్నారు. మనుషులు కొద్దిమందే; మరణాల గణాంక విశ్లేషణలో దొర్లిన పొరపాటును తర్వాత సవరించాక ఆ తేడాకున్న బలం కూడా తగ్గింది. అయినా మొదటివాళ్ల హుషారును కాదనలేం.

చిక్కంతా ఆ కాలంలోనే రిచర్డ్ షుల్జ్ చేసిన మరో ప్రయోగంతో వస్తుంది. ఒక ఆశ్రమంలోని వృద్ధుల దగ్గరికి కాలేజీ విద్యార్థులు వచ్చి కబుర్లు చెప్పేవారు. ఎప్పుడు రావాలో, ఎంతసేపుండాలో తామే చెప్పగలిగినవాళ్లూ, ఫలానా వేళకు వస్తారని ముందే తెలిసినవాళ్లూ బాగా తేరుకున్నారు. ప్రయోగం ముగిసింది, రాకపోకలు ఆగాయి. తర్వాత ఎక్కువగా దిగజారింది కూడా వాళ్లే.

ఇచ్చి లాక్కోవడం కంటే అసలు ఇవ్వకపోవడమే దయేమో! ఈ అనుమానాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. ఒకరు ఇచ్చిన స్వేచ్ఛ ఇచ్చినవాళ్లదే అవుతుంది. మంచి మేనేజరు బదిలీ అయితే ఆ స్వేచ్ఛా వెంటే పోతుంది. కానీ అలా ఒప్పుకుంటే, పోతుందన్న భయంతో ఏ సుఖాన్నీ ముసలివాళ్ల దరి చేరనివ్వకూడదు. అది మరీ క్రూరం. షుల్జ్ ప్రయోగంలో తప్పు వాళ్లకు ఎంపిక ఇవ్వడంలో లేదు, దాన్ని ఆపేయడంలో ఉంది.

మన దేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేదలకు చోటు ఏర్పాటు చేయవచ్చంటుంది. వైద్యానికీ వినోదానికీ ప్రమాణాలు ప్రభుత్వం నిర్ణయించవచ్చంటుంది. రెండూ పైనుంచి అందించేవే, వృద్ధులు ఎంచుకునేవి కావు. నిద్రలేచే వేళ, గదిలో తోడు, టీవీ రిమోట్ ఎవరి ఇష్టమన్నది కూడా ఆ ప్రమాణాల్లోనే చేరాలి, ఏ మేనేజరు వచ్చినా మార్చే వీల్లేకుండా.