మొదటి కార్డు

కొత్త ఉద్యోగంలో జీతం పడీపడగానే ఫోన్లు మొదలవుతాయి: "సార్, లైఫ్‌టైమ్ ఫ్రీ క్రెడిట్ కార్డు!" ఫ్రీ అన్నది ఏడాది రుసుముకే. బాకీ మిగిలితే చాలా కార్డుల్లో నెలకి 3.5 శాతం, లేదా అంతకన్నా ఎక్కువ వడ్డీ, అంటే ఏడాదికి 42 శాతానికి తగ్గదు. ఊళ్లో మూడున్నర రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాణ్ణి ఏమంటామో తెలుసుగా! బిల్లులో కనిపించే 'మినిమమ్ డ్యూ' (కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడితే లేటు ఫీజు తప్పుతుంది, వడ్డీ తప్పదు. పైగా ఆ తర్వాత గీకిన పెట్రోలుకీ గీకిన రోజు నుంచే వడ్డీ.

జీతం చిన్నదైతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు అడగండి. టైముకి కడుతుంటే సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా తీరుస్తున్నామా అని చెప్పే మార్కు) దాంతోనూ పెరుగుతుంది. నచ్చలేదా, మూసేయమనండి. బాకీ లేకపోతే 7 పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకి 500 రూపాయలు బ్యాంకే మీకు కట్టాలని రిజర్వ్ బ్యాంక్ నియమం.