పోరాడమంటే, ఎవరితో?

జబ్బు పడ్డవాళ్లకి మన దగ్గర అందరూ చెప్పే మాట ఒకటే: "పోరాడాలి." కోలుకుంటే జబ్బుని జయించినట్టు, పోతే ఓడిపోయినట్టు. జబ్బుల చుట్టూ అల్లే ఉపమానాలు చివరికి రోగి మీదే నింద మోపుతాయని సూజన్ సాంటాగ్ 1978లోనే ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’లో వాదించారు. నా విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. దాడి చేసేదీ నా ఒళ్లే, దెబ్బ తినేదీ నా ఒళ్లే.

నాకున్నది ఐటీపీ. మైక్రోలీటర్ రక్తంలో ప్లేట్‌లెట్లు మామూలుగా 1.5 నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. నా రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలు వాటికి అంటుకుంటాయి. అలా గుర్తు పడ్డవాటిని ప్లీహంలోని కణాలు మింగేస్తాయి. దీనికి తోడు హాషిమోటో: అదే వ్యవస్థ థైరాయిడ్ మీద కూడా పడింది. 1950లో అమెరికాలో విలియం హారింగ్టన్ అనే డాక్టరు ఐటీపీ రోగి రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. గంటల్లోనే అతని ప్లేట్‌లెట్లు దారుణంగా పడిపోయాయి. వాటిని నాశనం చేసేది రోగి రక్తంలోనే ఉందని అలా తేలింది. యుద్ధం చేద్దామన్నా ఎదురుగా శత్రువు లేడు.

అయినా బొప్పాయి ఆకు రసం తాగమంటారు, ఇమ్యూనిటీ పెంచుకోమంటారు. డాక్టరు రాసే స్టెరాయిడ్ చేసే పని దాన్ని అణచడం! సొంత కణాల జోలికి పోకుండా ఉండటాన్ని ఇమ్యునాలజీలో ‘టాలరెన్స్’ అంటారు. సహనం. ఆరోగ్యవంతుల ఒంట్లోనూ సొంతవాటి మీద పడగల కణాలు కొన్ని ఉంటాయి. వాటికి కళ్లెం ఉంటుంది, అంతే. నాకు లోపించింది ఆ కళ్లెం, బలం కాదు.

సహనం కూడా ఉపమానమే. దాన్నుంచి సమాజానికి నీతి పిండే ఉద్దేశం నాకు లేదు. కానీ ఏ ఉపమానాన్ని నమ్ముతామన్నది మందు దగ్గర తేడా తెస్తుంది. పెద్దవాళ్లలో కౌంటు 30 వేలు దాటి ఉండి, రక్తస్రావం లేకపోతే, చాలాసార్లు మందివ్వకుండా గమనిస్తూ ఉంటారు. నాది ఇప్పుడు 40 వేల దగ్గర ఆడుతోంది. "నలభై వేలేనా? ఏమీ చేయకుండా ఎలా కూర్చుంటావ్ నాన్నా?" అంటుంది అమ్మ. యుద్ధభాషలో ఆమె ప్రశ్న న్యాయమే. అక్కడ ఆగడమంటే లొంగిపోవడం. లక్షన్నర కోసం స్టెరాయిడ్ పెంచుకుంటూ పోతే నిద్ర, ఎముకలు, షుగర్ అన్నీ పణంగా పెట్టాలి. రిపోర్టులో ఒక అంకె కోసం అంత పెట్టాలా?

ముక్కులోంచి రక్తం ఆగకపోతే ఆసుపత్రికి పరిగెత్తుతాను, రాసిన మందు మింగుతాను. మిగతా రోజుల్లో నేను చేస్తున్నది కనిపెట్టుకుని ఉండటం. అదీ ఒక పనే. దాన్ని పిరికితనం అనని భాష మనకి కావాలి, కనీసం అమ్మకి చెప్పుకోవడానికైనా.