రాలుగాయలు

ఏప్రిల్ చివర్లో గాలిదుమ్ము లేచిన మర్నాడు పొద్దున్నే చాట్రాయి మామిడి తోటల్లోకి వెళితే చెట్ల కింద నేల కనపడదు. రసాలు, బంగినపల్లి, కలెక్టరు, అన్నీ కలిసి పరుచుకుని ఉంటాయి. మా నాయనమ్మ ఆ రాలుగాయలు ఏరే కూలికి వెళ్లేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి వెంట వెళ్లి, రెండు చిన్నరసాలు నిక్కరు జేబులో దాచుకున్నాను. సొన అంటుకుని తొడ మీద చర్మం మండింది. అలా దొరికిపోయాను.

నాయనమ్మ కొట్టలేదు. మంట మీద కొబ్బరినూనె రాసి, ఆ రెండు కాయలూ నా చేతికే ఇచ్చి, కౌలుదారు కూర్చున్న పాక దాకా నడిపించుకెళ్లి కుప్పలో వేయించింది. ఆయన నవ్వి, "పోనీలేమ్మా, పిల్లాణ్ణి తిననీ" అన్నాడు. "మీరిస్తే తింటాడండి" అంది. ఆయన నాలుగు కాయలు ఏరి ఇచ్చాడు. ఇంటికొచ్చాక ఉప్పూకారం అద్ది ఆవిడే తినిపించింది.

ఆవిడకి చదువు రాదు. బైబిలు నేను చదివి వినిపించేవాణ్ణి. దొంగిలకూడదన్న ఆజ్ఞ ఎన్నోదని అడిగితే చెప్పగలిగేది కాదేమో. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మూల ఉన్న చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్లేది. మన పల్లెల్లో ఎన్నో సంఘాలు నిలబడింది ఆ పిడికెడు బియ్యం మీదే. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజుల్లో కూడా ఆ పిడికెడు తగ్గేది కాదు, ఆవిడ కంచంలో ముద్ద తగ్గేది. చూడమని నాకెవరూ చెప్పలేదు. పిల్లలు చెప్పనివే చూస్తారు.

'మమ్మల్ని ఇతరులకు మాదిరిగా ఉండేలా చేయి ప్రభువా' అని ప్రార్థనల్లో చాలా తేలిగ్గా అనేస్తాం. తనను పోలి నడుచుకోమని పౌలు కొరింథు సంఘానికి రాసిన మాట చిన్నప్పుడు నాకు గర్వంగా వినిపించేది. తర్వాత అపొస్తలుల కార్యాలు మళ్లీ చదివితే అర్థమైంది. ఆయన ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు. అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉంటూ డేరాలు కుట్టి బతికాడు. ఆయన పని చేయడం, అలసిపోవడం వాళ్లు కళ్లారా చూశారు. అలా చూసినవాళ్లకు రాసిన మాట అది. ప్రభువు కూడా ముందు తువ్వాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. మళ్లీ కూర్చున్నాకే వివరం చెప్పాడు.

మన సంఘ చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం దోర్నకల్‌ది. తిరునల్వేలి సీమ నుంచి వచ్చిన అజరయ్య పెద్దవాడయ్యాక తెలుగు నేర్చుకున్నాడు. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఎడ్లబండి మీద పల్లెపల్లె తిరిగాడు. 1945లో కన్నుమూశాడు. మా కృష్ణా వైపు సంఘాలు కూడా తర్వాత ఆయన కిందికే వచ్చాయి. అంతకుముందు, 1910లో, ఎడిన్‌బరో మహాసభలో ఆయన తెల్లదొరలైన మిషనరీల ముందు నిలబడి, మీ త్యాగాలు చాలవు, మాకు స్నేహం కావాలని అడిగాడు. దూరంగా నిలబడి నేర్పేవాడి దగ్గర నేర్చుకోవడం ఎంత కష్టమో తెలిసినవాడు అడిగిన మాట అది.

ఆయన కాలంలో సంఘంలోకి ఎక్కువగా వచ్చింది మాలపల్లెలు, మాదిగపల్లెలు. 1930ల నాటికి భూములున్న కులాలవాళ్లు కూడా బాప్తిస్మానికి రాసాగారు. వాళ్లను కదిలించింది ఎక్కువగా ప్రసంగాలు కావు. తమ పొలాల్లో పనిచేసేవాళ్లు తాగుడు మానడం, పిల్లల్ని బడికి పంపడం, ఇల్లూ ఒళ్లూ శుభ్రంగా ఉంచుకోవడం ఏళ్ల తరబడి చూశారు. ఊరు ఎవరిని దూరంగా ఉంచిందో వాళ్లే ఊరికి గురువులయ్యారు. నాయకత్వమంటే వేదిక గుర్తొచ్చినప్పుడల్లా నేను ఈ సంగతి గుర్తు చేసుకుంటాను.

ఇవన్నీ తెలిసే నేను తప్పు చేశాను.

కొన్నేళ్ల కిందట మరో ఇద్దరితో కలిసి ఒక తోట కౌలుకు తీసుకున్నాను. అప్పటికే సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. సీజన్ మొదట్లో ధర బాగుంది. కాయ ఇంకా ముదరలేదు. పెట్టెల్లో కార్బైడ్ పొట్లాలు వేసి పంపుదామని ఆ ఇద్దరూ అన్నారు. తేమ తగిలితే అందులోంచి గ్యాస్ వచ్చి తొక్క పసుపెక్కుతుంది, టెంక దగ్గర పులుపు మాత్రం అలాగే ఉంటుంది. మనిషి ఒంటికి మంచిది కాదని చట్టం దాన్ని నిషేధించింది. నాకు తెలుసు. అందరూ చేసేదే కదా అనుకుని ఊరుకున్నాను.

రాత్రి లోడు కడుతున్నారు. నా క్లాసులో ముందు వరసలో కూర్చునే కుర్రాడు వాళ్ల నాన్నతో కూలికి వచ్చాడు. లాంతరు వెలుగులో వరసకు వరసకు మధ్య పొట్లాలు సర్దుతున్నాడు, ఎంతో శ్రద్ధగా. నన్ను చూసి లేచి నిలబడి, "సార్, ఈ పెట్టెలో ఇంకో రెండు వెయ్యనా?" అన్నాడు. ఆ గొంతులో భయం గానీ దాపరికం గానీ లేవు. సార్ అక్కడే ఉన్నారు, కాబట్టి అది మంచి పనే.

పొట్లాలన్నీ తీయించాను. నా భాగస్వాములకు కోపం వచ్చింది, అది న్యాయమే, ముందే చెప్పాల్సింది. ముదరని కాయ కావడంతో వచ్చిన ధరకు పచ్చిగానే నున్న మార్కెట్లో అమ్మాం. మిగిలిన కాయను ముదిరేదాకా చెట్టునే ఉంచి కోసి, వరిగడ్డిలో మాగబెట్టాం. అప్పటికి ధర పడిపోయింది. నష్టంలో పెద్ద భాగం నేనే భరించాను.

ఆదివారం పిల్లల ముందు నిలబడి, నేను చేసింది తప్పని, మీలో ఒకరు నన్ను చూసే ఆ పని చేశారని చెప్పాను. పేరు చెప్పలేదు. నా నోట వచ్చిన పాఠాలన్నిటిలో అది కష్టమైనది. నాయనమ్మ నా చేతికి కాయలిచ్చి కుప్ప దాకా నడిపించిన దూరం ఎంతో అప్పుడు తెలిసింది.

ఆ కుర్రాడు ఆ రోజు వెనక వరసలో కూర్చున్నాడు. మళ్లీ ముందుకు రావడానికి రెండు సీజన్లు పట్టింది.